పడుకున్నోడి పాలు

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన ఒక్క మాటకు బదులు చెప్పలేక మాలకొండయ్య కుర్చీలో బిగుసుకుపోయిన కాడ మనం ఆగినాం. "రోజుకు రెండే మింగమని నీకెవరు చెప్పినారు మాలకొండయ్యా?" అని ఆమె అడిగింది.

ఎవరు చెప్పినారో ఆయనకు తెలుసు. చెప్పింది ధనలక్ష్మి, కట్టుకున్న మనిషి.

మాలకొండయ్యది రక్తంలో తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు. నిదానంగా ముదిరే రక్తకేన్సరు. ఆరేళ్లయింది వచ్చి. రోజుకు నాలుగు గొట్టం మాత్రలు, మధ్యాన్నం అన్నం తిన్నాక, నిండు చెంబు నీళ్లతో. అంతే వైద్యం. ఆ నాలుగు మాత్రల బలంతోనే ఆయన మళ్లీ పడవెక్కినాడు, వల లాగినాడు. ఎనిమిది నెలల కింద, మూడు నెలల మందు తెచ్చేదానికి ఆసుపత్రికి పోయిన ధనలక్ష్మి తిరిగొచ్చి, "నీకు బాగుపడిందంట, ఇంక రెండు చాలంట," అన్నది. నిన్న డాక్టర్ పుష్పకుమారి కంప్యూటర్లో వెనక్కీ ముందుకీ చూసి, "నేను ఏనాడూ తగ్గించలేదే! ప్రతిసారీ పూర్తి మందు ఇక్కడి నుంచి పోతానే ఉంది," అన్నది.

ఆ తరవాత కాగితం ఆయన ముందుకు తిప్పింది. "ఇన్నేళ్లూ నీ రక్తంలో జబ్బు అంకె నూటికి సున్నా, చుక్క, మళ్లీ సున్నా, ఆ తరవాతే ఏదన్నా ఉండింది. ఇప్పుడు చూడు. పన్నెండు."

చుక్కకు ఎడం పక్కన అంకె చేరితే ఎంత తేడానో, ఐదో తరగతి దాకా బడికి పోయిన మాలకొండయ్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"సగం మందుకు ఈ జబ్బు చావదు నాయనా. మొండిదవుతుంది. రూపు మార్చుకొని ఉంటే ఈ మందు దానికి ఇంక పట్టదు, వేరేది వెతకాలి. అది తేల్చే పరీక్షకు నీ రక్తం పంపినా. పదిహేను రోజులు పడుతుంది. అందాకా రోజూ నాలుగూ మింగు. ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోను."

ఈ మందు ఎట్ట పని చేస్తుందో ఆరేళ్ల కింద ఆమె చెప్పినప్పుడు, మాలకొండయ్య దాన్ని తనకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. వల కన్ను లెక్క అది. కానాగంత చేపలకు కట్టిన వలలో కానాగంతే తల ఇరికించుకుంటుంది. దానికన్నా చిన్నది దూరిపోతుంది, పెద్దది తాకి వెనక్కి పోతుంది. ఈ మందు కూడా తప్పుడు కణాన్నే పట్టుకుంటుంది, మంచివాటి జోలికి పోదు. అట్టాంటి వలను నడిమికి చించి సగమే నీళ్లలో వేస్తే ఏమవుతుందో చెప్పేదానికి డాక్టరు కావల్సిన పని లేదు.

బస్సు వెంకటాచలం దాటింది, మనుబోలు దాటింది. గూడూరులో దిగి, షేర్ ఆటో ఎక్కి, పాళెం చేరేసరికి పొద్దు వాలింది. "అంతా బాగుందా?" అని ధనలక్ష్మి గుమ్మంలోనే అడిగింది. "ఆఁ," అన్నాడు. చెప్పులు విడిచి లోపలికి పోయినాడు.

ఈ రోజు మంగళవారం. కాలు పట్టిందని చెప్పి, పడవను బామ్మర్ది సుబ్బు చేతికిచ్చి పంపించినాడు. సుబ్బు ధనలక్ష్మికి ఒక్కగానొక్క తమ్ముడు. పడవలో మాలకొండయ్య తరవాత మాట అతనిదే. పొద్దున్నుంచి మాలకొండయ్య ఇంటి ముందు పందిట్లో చినిగిన వల ఒళ్లో వేసుకొని కూర్చున్నాడు. ఎదురుగా ఇసకలో నిన్న పరిచిన నెత్తళ్ల చేపలు ఎండుతా ఉన్నాయి. ధనలక్ష్మి చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని వంగి వాటిని తిరగేస్తా ఉంది. నిన్న ఆసుపత్రికి తానూ వస్తానంటే, నెత్తళ్లు కాకుల పాలవుతాయని ఆయనే వద్దన్నాడు. ఇవి ఇంకో రెండు రోజులు ఎండితే గురువారం గంపకెత్తి మనుబోలు సంతకు తీసకపోతుంది. వారం వారం పోతుంది. కాకి నీడ పడితే చాలు, చూడకుండానే చేతిలో పుల్ల విసురుతుంది. ఇరవై ఏడేళ్ల కాపరంలో ఆ చేతులు చేసే ప్రతి పనీ తనకు తెలుసనుకున్నాడు మాలకొండయ్య.

"ఏం మాలకొండన్నా, ఈ పూట వేట మానేసి పెండ్లానికి కాపలా కాస్తా ఉండావా?" పక్కింటి కామమ్మ బిందెతో పోతా పోతా ఎగతాళి చేసింది.

"కాలు పట్టింది."

"కాలు పట్టిందో, మనసు పట్టిందో! మా ఆయనకు ఇట్టాంటి రోగాలు రావే!" అని నవ్వుకుంటా పోయింది.

కాలు పట్టడం అబద్ధం. అసలు కాళ్లు పట్టడం మానేసి ఎనిమిది నెలలైంది. నాలుగు మాత్రలు మింగే రోజుల్లో, లేస్తానే కండ్ల కింద ఉబ్బుండేది. పిక్కలు ముడేసుకొని గుంజేవి. పడవెక్కితే కడుపులో తిప్పేది, సముద్రంలో పుట్టి పెరిగిన మనిషికి! రెండుకు దిగినాక అవన్నీ పోయినాయి. అద్దంలో కండ్లు చూసుకొని మురిసినాడు. బాగుపడినా అనుకొని గంగమ్మకు పొట్టేలును కోసినాడు, పడవ వాళ్లందర్నీ పిలిచి పందిట్లో విస్తళ్లు వేసినాడు. తగ్గింది జబ్బు కాదు మందు అని నిన్న డాక్టరమ్మ చెప్పేదాకా ఆయనకు తెలవదు.

ఆ రోజు పొట్టేలు కూర వండింది ధనలక్ష్మే.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆమె చేతులు కడుక్కొని లోపలికి పోయి, కంచంలో అన్నం, నెత్తళ్ల పులుసు తెచ్చి పెట్టింది. ఆయన తిన్నాడు. పులుసు బాగుంది. బాగుండటమే ఆయనకు కష్టంగా ఉండింది. తిన్నాక ఎప్పటి మాదిరే నీళ్ల చెంబు పెట్టి, దాని మూత మీద రెండు మాత్రలు పెట్టి జరిపింది.

మాలకొండయ్య మూత వైపు చూస్తా ఉన్నాడు.

"ఇంకో రెండు పెట్టు."

"ఏంది?"

"మాత్రలు. ఇంకో రెండు."

ధనలక్ష్మి నవ్వబోయింది. "రెండే గదయ్యా. ఒక పూట ఇంట్లో ఉంటేనే లెక్క మరిచినావా?"

"లెక్క మరిచింది నేను కాదు." ఆయన గొంతు పెంచలేదు. "డాక్టరమ్మ నీకు చెప్పిన మాట ఇంకోసారి చెప్పు. ఆమె ఎట్ట చెప్పిందో అట్టనే చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పేది? నీకు బాగు..." అని ఆమె మొదలుపెట్టి ఆగిపోయింది.

"చెప్పు. నిన్న ఆమె ఎదురుగా కూర్చోనొచ్చినోణ్ని నేను. రెండూ ఒకటవుతాయా లేదా చూస్తా."

ఇసక మీద కాకి వాలింది. దాని వెనక ఇంకోటి. రెండూ నెత్తళ్లలో నింపాదిగా నడస్తా ఉన్నాయి. ధనలక్ష్మి వాటి వైపే చూస్తా ఉంది, పక్కన పుల్ల అట్టనే ఉంది. విసరలేదు.

"అంకె పన్నెండుకు పోయింది," అన్నాడు మాలకొండయ్య.

"అంటే?"

"అంటే సున్నా పక్కన పడుండాల్సిన జబ్బు లేచి కూర్చుంది. పదిహేను రోజుల్లో ఇంకో కాగితం వస్తాది. అందులో బాగలేకుంటే ఈ మందు ఇంక నాకు నీళ్లతో సమానం. వేరే మందు పట్టనూ పట్టొచ్చు, పట్టకనూ పోవచ్చు. తేలేదాకా తెలవదు."

ఆమె వచ్చి ఆయన ముందు కూర్చుంది. "అంత అవుద్దని నాకు తెలవదయ్యా. మా అమ్మ తోడు, నాకు తెలవదు. నీ కండ్ల ఉబ్బు పోయింది, కాళ్లు పట్టడం మానినాయి. రెండే సరిపోతా ఉండాయనుకున్నా..."

"నువ్వు అనుకున్నావు. డాక్టరమ్మ అన్నదని నాకు చెప్పినావు."

ఆమె ఎంగిలి కంచం ఎత్తి పక్కన పెట్టింది.

"మిగిలినవి యాడికి పోయినాయి?" అని అడిగినాడు. "సముద్రంలో పోసినావా? అమ్ముకున్నావా?"

"అమ్ముకోవడమా!" దెబ్బ తగిలినట్టు తలెత్తింది. "నీ మందు అమ్ముకునేదాన్నా నేను? ఎంతమాట అన్నావయ్యా!"

"అమ్మలేదు. పొయ్యలేదు. మరి ఎవరు మింగినారు?"

ధనలక్ష్మి కండ్లు ఒక్క త్రుటి సముద్రం వైపు పోయినాయి. అల్లంత దూరాన వేటకు పోయిన పడవలు తిరిగొస్తా చుక్కల మాదిరి కనపడతా ఉన్నాయి. వాటిని చూసి, తల దించుకొని, అప్పుడు చెప్పింది.

"సుబ్బు."

మాలకొండయ్య చేతిలో వల జారి కిందికి పోయింది.

"పోయినేడు వాడికి కామెర్లని ఇరవై రోజులు పడకేసినాడే, అవి కామెర్లు కాదు." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడతా వచ్చినాయి. "గూడూరులో రక్తం చూసినోళ్లు నీ జబ్బు మాదిరే ఉంది, పెద్దాసుపత్రికి పొండి అన్నారు. వాడు రానన్నాడు. ఆ నడుములో సూది పొడిపించుకోలేనన్నాడు. కాళ్లు పట్టుకున్నా, రాలేదు."

"సూదికి భయపడేటోడా వాడు?"

"నువ్వే గదా భయపెట్టినావు! తుంటి ఎముకలోకి వడ్రంగోడి బరమా దింపినారు, నన్ను నలుగురు పట్టుకున్నారు అని పడవలో ఎన్నిసార్లు చెప్పినావు? అందరూ పడీ పడీ నవ్వినారు. వాడు నవ్వినాడా? చూసినావా ఎప్పుడన్నా?"

మాలకొండయ్య గుర్తు తెచ్చుకోవాలని చూసినాడు. మస్తాన్ నవ్వు గుర్తుంది. చెంచయ్య దగ్గు తెరలతో నవ్వే నవ్వు గుర్తుంది. సుబ్బు మొహం ఆ నవ్వుల్లో ఎక్కడా దొరకలేదు. ఎప్పుడూ వెనక మోటారు కాడ, వీపు తిప్పి కూర్చునేవాడు.

"నువ్వు పడకేసినప్పుడు పదకొండు నెలలు ఈ ఇంటికి పాలు తెచ్చిందెవరు?" ధనలక్ష్మి గొంతు ఇప్పుడు గట్టిపడింది. "మస్తాన్ గొణిగినాడు. చెంచయ్య గొణిగినాడు. నెల రెండు నెలలంటే సరే, ఎన్నాళ్లు పెడతాం అన్నారు. పెట్టకుంటే పడవ ఎక్కను, ఎవుర్నీ ఎక్కనీయను అని నిలబడింది ఎవరు?"

అది నిజమే. ఒడ్డున వేట పంచేటప్పుడు పడవకొక పాలు, వలకొక పాలు, ఎక్కిన మనిషికొక పాలు. అవి కాక ఇంకోటి ఉంది. పడవ మనిషి జబ్బుతో ఇంట్లో పడుకుంటే, లేచి తిరిగేదాకా అతని ఇంటికి పోయే పాలు. దాన్ని పడుకున్నోడి పాలు అంటారు. ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరూ కాదన్నదీ కాదు. ఆరేళ్ల కింద మాలకొండయ్య ఇంట్లో కుండ పొయ్యెక్కింది ఆ పాలుతోనే. రోజూ తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి కూడా రాకుండా పోయేవాడు సుబ్బు.

"వాళ్లు చేపలు పంచినారు. నేను మాత్రలు పంచినా," అన్నది ధనలక్ష్మి. "నాలుగు ఉండాయి. ఇద్దరు పడుకున్నోళ్లు ఉండారు. చెరి రెండు. నాకు తెలిసిన లెక్క అంతే."

"చేప సగమైతే సగం కడుపన్నా నిండుద్ది మే. మందు అట్ట కాదు." ఆయన కింద పడిన వల చూపించినాడు. "నా రక్తంలో ఉండేది ఒక రకం చేప. అది ఉందో లేదో చూసి మరీ ఈ వల ఇచ్చినారు నాకు. వాడి రక్తంలో ఉండేదీ అదే అని ఎవరు చూసినారు? అది కాకుంటే వాడికీ అందలేదు, నాకూ అందలేదు. రెండు పాళ్లూ నువ్వు నీళ్లలో వదిలేసినావు."

ఈ మాట ఆమెకు ఎప్పుడూ తట్టినట్టు లేదు. మొహంలో రంగు పోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే నాలుగూ వాడికే ఇచ్చేటోడివి."

పందిరి మీద తాటాకు గాలికి గలగలమంది. మాలకొండయ్య ఆ మాటను మనసులో అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. ఇచ్చేవాణ్నేమో. లేకుంటే, ప్రాణం తీపి కదా, డబ్బా ఎత్తి దాచుకునేవాణ్నేమో. పట్టుపట్టి సుబ్బును నెల్లూరుకు ఎత్తకపోయేవాణ్నేమో. ఏం చేసేవాడో ఇప్పుడు ఆయనకే తెలవదు. తెలిసే దారి లేదు. ఆ పూట ఆయన తరఫున ఆమే కూర్చొని, ఆమే తేల్చేసింది.

"పొట్టేలును కోసిన రోజు," అన్నాడు మెల్లగా, "కూరలో ఉప్పు చూసి చెప్పమంటే, గరిటెతో చేతిలో పోసుకొని చూసినావు. సరిపోయింది, తిను అన్నావు. గుర్తుందా?"

ధనలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అప్పటికి నెలైంది నువ్వు సగం తీయబట్టి. గంగమ్మ ముందర నిలబడి, నా మొగుడికి నయమైంది తల్లీ అని మొక్కినావు. నా పక్కనే నిలబడి మొక్కినావు. అబద్ధం నాకు చెప్పినావు, సరే. ఆమెకు కూడా చెప్పినావే మే!"

ఆమె ఏడుపులో మాటలు తెగి తెగి వచ్చినాయి. "నన్ను తిట్టు. కొట్టు. పడతా. వాణ్ని మాత్రం అడగబాకయ్యా. అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు ఎవరికీ చెప్పనని. నువ్వు అడిగితే సిగ్గుతో ఏం చేసుకుంటాడో. నీకు దండం పెడతా, అడగబాక."

మాలకొండయ్య లేచి లోపలికి పోయినాడు. బియ్యం డబ్బా వెనక ఉండే రేకు డబ్బా దించినాడు. మునుపు మాత్రలు తనే తీసుకునేవాడు. రెండుకు తగ్గించినాక, నువ్వు అలవాటు మీద నాలుగు మింగుతావు అని ఆమె ఆ డబ్బా తన చేతికింద పెట్టుకుంది. మూత తీసినాడు. అడుగున నాలుగంటే నాలుగు షీట్లు, షీటుకు పది మాత్రలు. మూడు నెలల మందు తెచ్చి ఇంకా నెల కాలేదు. డబ్బా చేతిలో తేలిగ్గా అనిపించింది. కానీ ఆ కోపంలో, ఆ తేలికను పట్టుకొని ఆలోచించే స్థితిలో లేడాయన.

నాలుగు విప్పి మింగినాడు, నిలబడే చెంబుడు నీళ్లు తాగినాడు. ఇంకో రెండు విప్పి చొక్కా జేబులో వేసుకొని బయటికి నడిచినాడు. వెనక నుంచి "ఏమయ్యా, ఏమయ్యా," అని ఆమె పిలవడం వినపడింది.

ఇసక కాలతా ఉంది. పడవలు దగ్గరికొచ్చేసినాయి. నడిచే కొద్దీ కోపం ఎట్టనో మెత్తబడతా వచ్చింది. ఈ ఎండాకాలం అంతా సుబ్బు వల లాగినాక అంచు మీద కూలబడేవాడు. బద్ధకం అని తిట్టినాడు తను. మొన్న పొద్దున పడవలో సద్దన్నం సగం తిని చేపలకు విసిరేసినాడు. పొగరు అని తిట్టినాడు. ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఒక్కొక్కటీ ఇప్పుడు వేరే రకంగా కనపడతా ఉంది. జబ్బు మనిషి చేత ఇన్నాళ్లూ మోటారు మోయించినానే అనుకున్నాడు. నా మందు నా దగ్గరే దొంగచాటుగా తీసుకోవాల్సిన గతి వాడికి పట్టిందే. ఈ పూటకు నా చేత్తోనే ఇస్తా. రేపు పొద్దున రెక్క పట్టుకొని నెల్లూరు బస్సెక్కిస్తా. ధనలక్ష్మి సంగతి తరవాత. ఆమెను క్షమించేదీ లేనిదీ తరవాత.

పడవ ఒడ్డు తాకింది. మస్తాన్, చెంచయ్య దిగి తోస్తా ఉన్నారు.

"వచ్చినాడయ్యా కాలు పట్టిన మహరాజు!" మస్తాన్ అరిచినాడు. "ఏమన్నా, కాలు నడస్తా ఉందే! పాలు పంచే టయానికి కాళ్లు భలే వస్తాయి నీకు!"

"ఉండురా, పడుకున్నోడి పాలు పెడదాం ఆయనకు. రెండు తోకలు, ఒక తల," అన్నాడు చెంచయ్య, దగ్గుతా నవ్వతా.

మాలకొండయ్య వాళ్ల వైపు చూడలేదు. సుబ్బు మోటారు విప్పి భుజానికెత్తుకొని మోకాటి లోతు నీళ్లలో నడిచొస్తా ఉన్నాడు.

"రే, దించరా! దించు! నేను మోస్తా ఇటియ్యి!"

సుబ్బు ఆశ్చర్యంగా చూసినాడు. "కాలు బాగలేనోడివి నువ్వు మోసేదేంది బావా?" మోటారు తెచ్చి ఇసకలో పెట్టి, ఒళ్లు విరుచుకున్నాడు. మాలకొండయ్య ఆ రెక్క పట్టుకొని పక్క పడవ నీడకు తీసకపోయినాడు.

"నాకు తెలిసిపోయింది లేరా అబ్బయా. మీ అక్క చెప్పింది. ఆమెను ఏమీ అనబాక, నేనే చెప్పించినా." గొంతు సవరించుకున్నాడు. ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడే అలవాటు లేదాయనకు. "రేపు నాతో నెల్లూరు రా. ఆ సూది అంత నొప్పేం కాదు. మీరు నవ్వతారని పెంచి చెప్పినా. నేను పక్కనే ఉంటా. ఈ పూటకు ఇవి మింగు. నా చేత్తో తీసుకో."

అరచెయ్యి తెరిచినాడు. చెమటకు మాత్రల పసుపు కరిగి చేతికంటింది.

సుబ్బు మాత్రల వైపు చూసినాడు. బావ మొహం వైపు చూసినాడు. "ఎండ తగిలిందా బావా నీకు? ఇవి నీ మందు గదా?"

"నువ్వు రోజూ మింగేవే."

"నేనా?"

"దాచబాక ఇంక. పోయినేడు నీకు వచ్చింది కామెర్లు కాదంట గదా."

"కామెర్లు కాకుంటే పచ్చగా ఎందుకైతా? మాల్యాద్రి తాత దగ్గర పసరు తాగినా, ఇరవై రోజులు ఉప్పు లేని కూడు తిన్నా. గూడూరు కాగితం ఇంట్లోనే ఉంది, రా చూపిస్తా." నవ్వబోయి, బావ మొహం చూసి మానుకున్నాడు. "ఏమైంది బావా?"

"మీ అక్క నీకు ఈ మాత్రలు ఎప్పుడూ ఇయ్యలేదా?"

"లేదే."

"అమ్మ మీద ఒట్టేసి చెప్పు."

"అమ్మ మీద ఒట్టు. ఒక్కటి కూడా ఇయ్యలేదు. నాకెందుకు ఇస్తది?"

అబద్ధం చెప్పేటప్పుడు సుబ్బు మనిషి కండ్లలోకి చూడలేడు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు సూటిగా చూస్తా ఉన్నాడు.

మాలకొండయ్యకు డబ్బా తేలిక అప్పుడు గుర్తొచ్చింది. తను రెండు, ఇంకొకరు రెండు మింగినా ఇంకా సగానికి పైగా ఉండాలి అందులో. మిగిలినవి నాలుగు షీట్లు. ఈ పూటకు విప్పినవి తీసేస్తే పది రోజులకు కూడా చాలవు. డాక్టరమ్మ చెప్పింది పదిహేను. పేరు అడిగితే ధనలక్ష్మి కండ్లు సముద్రం వైపు పోవడం గుర్తొచ్చింది. పడవలను చూసి పేరు వెతుక్కున్నాదా? పడుకున్నోడి పాలు అంటే తను నోరెత్తలేడని తెలిసే చెప్పిందా? అడగబాక అని దండం పెట్టింది అందుకేనా?

"అన్నా," అని మస్తాన్ అటు నుంచి కేకేసినాడు. "వదినకు ఈ వారం మనుబోలు సంత మంగళవారమే వచ్చిందా ఏంది? గంపెత్తుకొని ఉరుకులాడతా పోతా ఉంది చూడు!"

మాలకొండయ్య, సుబ్బు అటు తిరిగినారు. ఇసక దిబ్బ అవతల రోడ్డు మీద షేర్ ఆటో ఆగుంది. ధనలక్ష్మి గంపను ముందు లోపలికి తోసి, తానూ ఎక్కింది. గంప మీద గుడ్డ కప్పుంది. ఆటో కదిలింది.

"నెత్తళ్లు అప్పుడే ఎత్తేసిందా అక్క?" అన్నాడు సుబ్బు. "నిన్ననే గదా పరిచింది, పచ్చివి పచ్చిగా ఎవరు కొంటారు?"

మాలకొండయ్య ఇంటి వైపు చూసినాడు. పందిరి ముందు ఇసకలో నెత్తళ్లు పరిచినవి పరిచినట్టే, ఒక్కటి ఎత్తకుండా, ఎండకు తళతళా మెరస్తా ఉన్నాయి. వాటి మీద కాకులు గుంపుగా దిగినాయి. తోలేదానికి మనిషి లేదు.